టీచరమ్మ చెయ్యి, పెద్దమ్మ భుజం

మా ఇంట్లో పేపరు చదివేది నేను, వాడుకునేది మా ఆవిడ. అలమరల్లో పరచడానికి, అద్దాలు తుడవడానికి, కొత్తిమీర చుట్టి ఫ్రిజ్‌లో పెట్టడానికి, చేపలు బాగుచేసేటప్పుడు కింద వేసుకోవడానికి, నిన్నటి వార్తలకు ఆమె దగ్గర ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది. ఏం చేస్తోందో నేను తలెత్తి చూసేవాణ్ణి కాదు. స్టీలుప్లాంటు నుంచి వచ్చానంటే కుర్చీ, పేపరు, టీ. అంతే.

నిరుడు క్రిస్మస్ ముందు ఒకరోజు నాకు వీక్లీ ఆఫ్. లైనింగు గుడ్డ, హుక్కుల కోసం ఆమె పూర్ణా మార్కెట్‌కి వెళ్లింది. ఆమె మా కూర్మన్నపాలెం కాలనీ ఆడవాళ్లకి జాకెట్లు కుడుతుంది. మా వీధిలో సగం ఇళ్లు చర్చికి వెళ్లేవాళ్లవి కాబట్టి డిసెంబరులో మిషను ఆగదు. పాపం కష్టపడుతోంది కదా, ఇల్లయినా సర్దుదామనుకున్నాను. మంచం కింద పేరుకున్న పేపర్లన్నీ లాగి, వీధిలోకి వచ్చిన పాతపేపర్లవాడికి వేసేశాను. నేను చేసిన తప్పుల్లో చాలావరకు ఇలా మెప్పు కోసం చేసినవే.

ఆమె వచ్చీ రాగానే మంచం కిందకి వంగింది.

"ఇక్కడ పేపర్లేవండీ?"

"అమ్మీసేను. ఎంత శుభ్రంగా ఉందో సూడు."

ఆమె సంచీతోనే నేలమీద కూలబడింది. "అయ్యి పేపర్లేటండీ! జాకెట్లు!"

అప్పుడు తెలిసింది నాకు. ఎవరి కొలతకి వాళ్లది వీపు, ముందుభాగం, చెయ్యి పేపరు మీద కత్తిరించి, పైన పేరు రాసి, మడత పడకుండా ఆ దొంతరలో దాచుకుంటుందట. ఒకసారి కుట్టాక బిగువైన చోట, వదులైన చోట మళ్లీ కాగితం మార్చుకుంటుందట. కొన్నేళ్ల దిద్దుబాట్లు అవి. పండగ ముందుంది, అన్ని జాకెట్లూ గుడ్డగానే ఉన్నాయి.

పక్కింటాయన్ని బండి తీయమన్నాను. జంక్షన్‌లో మా వీధి పాతపేపర్లవాడు సరుకు వేసే కొట్టువాడు, పేపర్ల లారీ వెళ్లిపోయిందనీ, కొన్ని మాత్రం బజ్జీల బండికి ఇచ్చాననీ చెప్పాడు. బండి దగ్గరికి పరిగెత్తాం.

"మీయా ఈ కాయితాలు?" అంది బజ్జీలామె. "ఒక్కటీ సక్కగా లేదు. పొట్లం కడితే బజ్జీ జారిపోతంది."

మా పక్కింటాయన కాగితాల్లో చెయ్యిపెట్టి వెతికి, ఒకటి పైకెత్తి, మీద రాసిన పేరు చదివి కేకేశాడు. "బావా! టీచరమ్మ సెయ్యి దొరికీసింది!"

బజ్జీలు తింటున్నవాళ్లు ఆగిపోయి మావైపు చూశారు. దొరికింది అదొక్కటే, అదీ నూనె పీల్చుకుని.

"ఆదులు నాను అడగను. అమ్మినోలే అడగాల," అంది మా ఆవిడ ఇంటికి రాగానే. కొలతకి ఇచ్చే పాత జాకెట్టుని ఆది అంటారు. ఆ ఆదుల కోసం సంచీ పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. తలుపు తీసిన ప్రతి ఆడమనిషికీ, "అమ్మా, నా వల్ల తప్పయిపోయింది, మీ పాత జాకెట్టొకటి కావాలి" అని చెప్పుకోవాలి. టీచరమ్మ గుమ్మం పట్టుకుని నవ్వింది. "రిటైరయ్యాక మిషనెక్కుతారేటి అన్నయ్యా?"

వీధి చివర పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. బాత్రూములో పడ్డప్పటినుంచి ఆవిడకి ఒక భుజం కిందకి దిగిపోయింది. "నా ఆదులన్నీ సినిగిపోయాయి నాయినా. మీ ఆవిడ కాయితంలోనే నా బుజం సరిగ్గా ఉండేది," అంది.

ఆవిణ్ణి చెయ్యిపట్టుకుని మా ఇంటికి నడిపించుకొచ్చాను. మా ఆవిడ పెద్దమ్మ భుజం మీద పేపరు వేసి గుండుసూదులు గుచ్చుతుంటే నేను షీట్లు అందించాను. మొదటిది బిగిసింది. తీసేసి ఇంకోటి. "సెయ్యెత్తు పెద్దమ్మా" అంటే ఎత్తేది, పేపరు చిరిగేది. ఆ పూట నా పేపరు మడత కూడా విప్పలేదు. ఆఖరికి చినగకుండా చెయ్యి పైకి లేచింది.

పండగనాడు చర్చి నుంచి వస్తూ ఆవిడ మా గేటు ముందు ఆగింది. కొత్త జాకెట్టులో ఆ చెయ్యి పూర్తిగా పైకెత్తి చూపించింది.

"ఎక్కడా బిగుసుకోలేదు నాయినా. ఈసారి నన్ను అమ్మీకు."