పిన్ని చర్మకణాలు

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్ని. చింతపల్లి పైన మా ఊళ్ళో కాఫీ పళ్ళు కోసి నన్ను చదివించింది. నేను విశాఖలో యూనివర్సిటీలో చేరి, కాలినవాళ్ళ కోసం ల్యాబులో చర్మం పెంచే పరిశోధనలో ఉన్నాను. ఆ చలికాలం ఒక పొద్దున మంట కాచుకుంటుంటే ఆమె చీరకు నిప్పంటుకుంది. కాళ్ళు రెండూ తొడల దాకా కాలిపోయాయి.

విశాఖ పెద్దాసుపత్రిలో వీపు మీది చర్మం తీసి కాళ్ళకు అతుకుతామన్నారు. అందులో మిగిలే చిన్న ముక్కను పరిశోధనకు ఇవ్వాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆ సంగతి నేనే అడిగాను.

"ఏటి సేత్తావే దాంతో?" అంది.

కణాలు విడదీసి, పలచటి పొర మీద పెంచుతామని చెప్పాను.

"అయితే అది నాకే ఏసెయ్యొచ్చు గదా?"

మా పని మనుషులకు వేసేదాకా ఇంకా రాలేదు. ఆ మాట చెప్పకుండా ఆమె దుప్పటి సర్దాను. ఆమెకే అర్థమైంది. నా చెయ్యి పట్టుకుని, "పోన్లే గుంటా, తీసుకో. బేగి నేర్సుకోండి," అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది, మిగిలిన ముక్క మా ల్యాబుకు చేరింది. కానీ పుండ్లలో చీము పట్టి, ఆ విషం రక్తంలోకి పాకింది. ఆ నెల తిరక్కుండానే పోయింది. ఘాట్ రోడ్డంతా అంబులెన్సులో ఆమె పక్కనే కూర్చుని ఊరికి వెళ్ళాను. కాఫీ తోట పైన, కొండవాలులో పాతిపెట్టాం.

తిరిగొచ్చేసరికి ల్యాబులో ఆమె కణాలు బతికే ఉన్నాయి. నేను లేనన్నాళ్ళూ నా స్నేహితురాలు వాటికి ఆహారద్రవం మార్చింది. మైక్రోస్కోపులో చూస్తే సీసా అడుగంతా పరుచుకుని ఉన్నాయి. వేరేవాళ్ళకు అప్పగిస్తానని ప్రొఫెసర్ గారన్నారు. నేనే చూసుకుంటానన్నాను. ఏ పొర మీద అవి బాగా అతుక్కుంటాయో వాటివల్లే మాకు తెలిసింది. ఒంటి నుంచి తీసిన కణాలు ఎల్లకాలం పెరగవు. వేసవి వెళ్ళేసరికి రెండుగా చీలి పెరగడం మానేశాయి. పద్ధతి ప్రకారం బ్లీచింగ్ ద్రవం పోసి పారేయాలి. తలుపు వేసుకుని ఆ పని చేశాను.

తర్వాత ఊరెళ్ళినప్పుడు బాబాయి తోటలో మిరియాల తీగలు కడుతున్నాడు. పిన్ని చర్మం ఏమైందని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను.

తీగ ముడి బిగించాక, "ఇక్కడికి తెచ్చుంటే బాగుండేది గుంటా. దాని పక్కనే ఎట్టేసుందుము," అన్నాడు.

అలా తేవచ్చని నాకు తట్టనే లేదు. అతని చేతిలోని తాడు కొస అందుకుని, అతను పక్క చెట్టు తీగ కట్టేదాకా పట్టుకుని నిలబడ్డాను.