పెద్దమ్మ ఫోను నేనెత్తని ఎనిమిది నెలలు

పోయిన నెలలో ఒక పొద్దున పెద్దమ్మ నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎప్పటిలాగే ఎత్తలేదు. కాసేపటికి మా ఆయన ఫోను మోగింది. అవతల పెద్దమ్మ బిడ్డ, నేను అక్కా అని పిలిచే మనిషి. "అమ్మ పోయింది. చెల్లెకు జర నిమ్మలంగ చెప్పు" అన్నదట. ఆ 'జర నిమ్మలంగ'కే నాకు తల కొట్టేసినట్టయింది. చావు కబురు కూడా నాకు భయపడుతూ చెప్పాల్సి వస్తోంది.

నా జబ్బు సంగతి దాచను. బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అన్నారు డాక్టరు. అయినవాళ్ళు కాస్త ముక్తసరిగా మాట్లాడితే చాలు, నన్ను వదిలేశారని గుండె భగ్గుమంటుంది. ఆ గంటలో నోటికొచ్చింది అంటాను. తర్వాత సిగ్గుతో చస్తాను. పెద్దమ్మకు ఆ ఇంగ్లీషు పేరు పలకడానికి నోరు తిరగలేదు. "పేరేదైతే ఏంది బిడ్డా, బాధ నీదే గద" అంది.

అమ్మ నా చిన్నప్పుడే పోతే సాకింది ఆమే. డోర్నకల్ దగ్గర పల్లె, మిరప చేను. జనగామలో కాపురం పెట్టాక కూడా మనసు అదుపు తప్పితే రైలెక్కి ఆమె దగ్గరికే పోయేదాన్ని. నా కళ్ళు చూడగానే ఎండుమిరపకాయల గంప ముందర పెట్టి, "తొడిమెలు తియ్యి" అనేది. ఓదార్పు లేదు, హితబోధ లేదు. ఘాటు అంటిన చేతులతో కళ్ళు తుడుచుకోలేం, ఫోను పట్టుకుని మా ఆయనకు నలభై మెసేజులు పెట్టలేం. "పాలు పొంగుతుంటె మూత పెడుతరా? మంట తగ్గియ్యాలె. గీ గంప అయినంక ఎవలను తిట్టుకుంటవో తిట్టుకో, నేనద్దన్ననా?" గంప అడుగు కనబడేసరికి తిట్టాలన్న పట్టుదల సగం పోయేది. అప్పుడు నా అరచేతులకు నూనె రాసి, "ఇగ చెప్పు, ఏమైంది?" అనేది. మందులు మానొద్దని పోరు పెట్టేది కూడా ఆమే.

అలాంటి మనిషినే అన్నాను.

ఆమె పోవడానికి ఎనిమిది నెలల ముందు అక్కకూ నాకూ కలిపి ఒడిబియ్యం పోస్తానని పిలిచింది. పెళ్ళైన ఆడబిడ్డ ఒడి పుట్టింటివాళ్ళు నింపే వేడుక అది. నాకు పుట్టిల్లంటే ఆమే. అక్క పెద్దది కాబట్టి ముందు అక్కకు పోసి, "నా బిడ్డ సల్లగుండాలె" అంది. అంతే, ఇంకేం జరగలేదు. నా వంతు వచ్చేసరికి ఒళ్ళంతా మండిపోతోంది. రెండు దోసిళ్ళు పోసిందో లేదో లేచి నిలబడ్డాను. పసుపు బియ్యం చాపంతా చిందింది. "తల్లి లేనిదానికి ముష్టి ఏస్తున్నవా? నీ బిడ్డకే పోసుకో!" అని అరిచాను. చుట్టాలంతా నోళ్ళు నొక్కుకున్నారు. పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చుని బియ్యం ఏరసాగింది. "ఎవ్వలేమనకుండ్రి, పిల్లకు పానం బాగలేదు" అంది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

రైలు మహబూబాబాద్ చేరకముందే ఆ మంట చల్లారింది. సిగ్గు చల్లారలేదు. ఆమె వారం వారం ఫోను చేసేది. ఏ మొహం పెట్టుకుని మాట్లాడను? తిడుతుందని కాదు, తిట్టదనే నా భయం. ఇంకొంచెం బాగుపడ్డాక నేనే పోయి కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. ఆ రోజు అరిచింది జబ్బే కావచ్చు. ఎనిమిది నెలలు దాక్కున్నది మాత్రం నేనే.

శవయాత్రలో అందరికన్నా వెనక నడిచాను. దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. ఏ మూలనైనా ప్రాణం ఉంటే పలుకుతారని, అయినవాళ్ళు అక్కడ చెవిలో మూడుసార్లు పిలుస్తారు. అక్క పిలిచింది. తర్వాత లేచి, జనంలో నన్ను వెతికి రెక్క పట్టుకు లాగింది.

"నాకా హక్కు లేదక్కా."

"హక్కేందే? దినాం ఫోన్ పట్టుకొని నీ కోసమే సూసింది. పిలువు."

వంగాను. "పెద్దమ్మా" అన్నాను. "పెద్దమ్మా, తప్పయింది" అన్నాను. మూడోసారి పిలవబోతూ ఇంకా దగ్గరికి వంగాను. డప్పులు ఆగిపోయాయి. ఆమె పలుకుతుందేమోనని అందరూ కాసేపు నిలబడ్డారు. కమ్మ తీసేసిన ఆ చెవి తమ్మె నా పెదాలకు చల్లగా తగిలింది.