రాణికి శిక్ష పడాలా?

బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎప్పుడు కదులుతుందో చెప్పే ఆవిడని ఊరంతా మైకమ్మ అనేది. గొంతు అలాంటిది. వంటింట్లోంచి మొగుణ్ణి పిలిస్తే, వీధి చివర తాళాల కొట్లో ఆయన చేతిలో ఆకురాయి ఆగిపోయేది.

ఆ గొంతు విని నాటకాల మాస్టారు వెతుక్కుంటూ వచ్చాడు. రాణి వేషం కట్టాల్సిన అమ్మాయి కాలు విరగ్గొట్టుకుంది. ఆడాల్సింది పాత గ్రీకు నాటకం. రాజు యుద్ధానికి బయలుదేరతాడు, ఓడలు కదలడానికి గాలి వీచదు. గాలి కోసం కన్నకూతుర్నే బలి ఇస్తాడు. ఏళ్ల తర్వాత గెలిచి తిరిగొస్తే రాణి అతన్ని నరికేస్తుంది.

"మొగుణ్ణి చంపే వేషమా? ఇన్నాళ్లకు దొరికింది" అంటూ మైకమ్మ అక్కడికక్కడే ఒప్పేసుకుంది.

ఇంట్లో రిహార్సల్స్‌కి రాజు మొగుడే. కొట్టు కట్టేసి వచ్చి, చెక్క గరిటె దెబ్బకి వంటింట్లో పడిపోవాలి. అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుని, "చావడం కూడా సరిగ్గా రాదు వీడికి, చెయ్యి కదుపుతున్నాడు" అని వంకలు పెట్టేది. కూతురు పొట్ట పట్టుకుని నవ్వేది.

అందరూ నవ్వుతుంటే మైకమ్మకి కోపం ఎక్కడొస్తుంది? "మాటలు బాగా వస్తున్నాయమ్మా, కోపమే రావట్లేదు. బలైన ఆ పిల్ల మీ పిల్లే అనుకోండి" అన్నాడు మాస్టారు.

అనుకుంది. నిరుడు జరిగింది గుర్తొచ్చింది. కూతురికి ఒళ్లు కాలిపోతున్నా, నలుగురికీ మాటిచ్చాను, పరువు పోతుందంటూ మొగుడు పరుగుపందానికి తీసుకెళ్లాడు. పిల్ల సగంలో కూలబడిపోయింది. కోలుకునేదాకా మైకమ్మ ఆయనతో మాట్లాడలేదు. ఆ సాయంత్రం గరిటె కాస్త గట్టిగానే తగిలింది. కింద పడ్డ రాజుకి ఎందుకో అర్థమైనట్టుంది. భుజం రుద్దుకుంటూ, "అప్పుడు నాదే తప్పు" అన్నాడు మెల్లగా.

ఆదివారం మధ్యాహ్నం నాటకం. తెర పడ్డాక మాస్టారు ముందుకొచ్చి, రాణికి శిక్ష పడాలా వద్దా అని జనాన్నే అడిగాడు. హాలు సంతయిపోయింది.

"బిడ్డని చంపితే చూస్తూ ఊరుకోవాలా?" అని వెనక వరసలో ఒకావిడ.

"ఎవరు చంపినా హత్య హత్యేగా" అని ఓ బస్సు డ్రైవరు.

తాళాలాయన లేచాడు. "రాణిని వదిలెయ్యండి. రాజుని ఆ రోజే ఎవరైనా నిలదీసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు."

మాస్టారు రాణినే అడిగాడు. మైకమ్మ కిరీటం తీసి చంకలో పెట్టుకుంది.

"శిక్ష పడాల్సిందే. రాజు చేసింది ఘోరమే, కాదనను. కానీ ఈవిడకి ఇంకా పిల్లలున్నారు. పోయిన బిడ్డని తల్చుకుంటూ, మిగిలినవాళ్ల మొహం చూడటం మరిచిపోయింది. ఇప్పుడు వాళ్లు ఎవరి పక్షాన నిలబడాలి?"

కొందరు తలూపారు. అత్తగారు మాత్రం ఒప్పుకోలేదు. "అదేం కుదరదు. నా కోడలు చేసింది రైటే."

"అత్తయ్యా, ఆ లెక్కన చచ్చింది మీ కొడుకు" అంది మైకమ్మ స్టేజీ మీంచే.

"చస్తే చచ్చాడు. పిల్లదాని జోలికెందుకు వెళ్లాలి?"

హాలంతా గొల్లున నవ్వింది.

వాదన తేలలేదు. ఇంటికి నడుస్తూ కూడా నలుగురూ రోడ్డంతా ఆక్రమించి అదే గొడవ. "దీనికి రెండో భాగం ఉందట నాన్నా" అంది కూతురు. "కొడుకొచ్చి తల్లిని చంపేస్తాడట. అందులో చచ్చేది అమ్మే."

"అయితే నాకు ముందు వరసలో సీటు కావాలి" అన్నాడాయన, పెళ్లాం చేతికి అందకుండా రెండడుగులు పక్కకి జరిగి.