ఒడిబియ్యంతో కుంగిన ఎర్ర కారు

1994లో మంచిర్యాల బస్టాండు వెనకవీధిలో నాకు సస్పెన్షన్ వర్క్‌షాపు ఉండేది. సస్పెన్షన్ అంటే కారు బరువును చక్రాల మీద మోసే స్ప్రింగుల ఏర్పాటు. మా తాత ఇరవై ఊళ్ళకు దేశ్‌ముఖ్. నా దాకా వచ్చేసరికి మిగిలింది ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు. కారు కింద పడుకుని పనిచేసినా ఇస్త్రీ చొక్కాతోనే చేశాను. జనం దొర అని పిలిచేవారు. నేను వద్దనలేదు.

ఆ ఏడు వానలు వెలిశాక రాజేశం అనే అతను ఎర్రటి చిన్న కారు తెచ్చాడు. ఐదేళ్ళు దుబాయిలో లారీ నడిపి వచ్చినవాడు. అక్కడి పత్రికలో ఒక బొమ్మ చూపించాడు. నేలకు అతుక్కున్నట్టున్న కారు, వెడల్పాటి చక్రాలు.

"దొరా, గిట్ల కావాలె. చక్రాలు పదిహేను ఇంచులు. కింద చీమ సుత దూరొద్దు."

"పదిహేనైతే స్టీరింగ్ తిప్పితే రేకుకు తగులుతది. పదమూడు పెడత. రోడ్డు సంగతేంది మరి?"

"రోడ్డు ఫికర్ లేదు. లలిత ఫికరే నాకు."

లలిత అతని భార్య. దుబాయి నుంచి దిగిన మూడోరోజే ఇతను దోస్తులతో బాసర పోయి నాలుగు రోజులు ఇంటికి రాలేదట. ఆమె చెన్నూరులోని తల్లిగారింటికి వెళ్ళి నాలుగు నెలలైంది. కారు చూపించి తెచ్చుకోవాలని అతని ఆలోచన.

"మీరు సుత రావాలె దొరా. మీరు కూసుంటె మా అత్త జర నెమ్మదిగ మాట్లాడతది."

పెద్దమనిషిగా పిలిచినప్పుడు కాదనడం మా ఇంట్లో లేదు.

చక్రాల ఎంపికలో నేను పొరపడలేదు. ఆఫ్‌సెట్, అంటే చక్రం హబ్‌కు బిగిసే ముఖం రిమ్ నడిమికి ఎంత దూరమో, దగ్గరుండి చూశాను. కారు కిందికి దిగేందుకు స్ప్రింగులు ఒక్కొక్క చుట్టు కోశాను. టైరుకూ పైనున్న ఫెండర్ రేకుకూ మధ్య రెండువేళ్ళ సందు మిగిలింది. చూడముచ్చటగా ఉంది. అయితే, యజమాని ఎక్కమననిదే పరాయివాళ్ళ వాహనం ఎక్కడం నాకు నామోషీ. అందుకని ఖాళీ కారునే కొలిచాను.

చెన్నూరుకు ఇద్దరమే హాయిగా వెళ్ళాం. అత్త రాజవ్వ నాకు కుర్చీ వేసింది, అల్లుడికి వేయలేదు.

"ఒక్కడే తిరిగెటోనికి పెండ్లామెందుకు దొరా?"

"ఇగ తిరగడు. నాది పూచీ."

ఆ మాటతో ఆమె మెత్తబడింది. అత్తారింటికి పంపేటప్పుడు పోసే ఒడిబియ్యం బిడ్డకు పోసింది. పోసినవి కొంగులో పట్టక సంచికెత్తారు. ఆపైన గంపెడు సకినాలు. బిడ్డను దింపి రావడానికి రాజవ్వ, ఆమె చెల్లె మల్లవ్వ కూడా ఎక్కారు. ఇద్దరూ నిండైన మనుషులు.

కారు పది గజాలు కదిలిందో లేదో వెనక టైరు రేకుకు రాసుకుని కీచుమంది. రబ్బరు మాడిన వాసన. వాకిళ్ళలోకి జనం వచ్చారు.

"అల్లుడా, బండి ఏడుస్తందేంది?" అంది రాజవ్వ.

లలిత బియ్యం సంచి పట్టుకుని దిగిపోయింది. "చూసినవా అవ్వా! గీ కారుల సుత ఆయనొక్కనికే జాగ."

రాజేశం ముఖం వాడిపోయింది. అయినా నన్ను కాచాడు. "దొర పనికి వంకలేదు. గీ తొవ్వే ఖరాబు."

ఊఁ అంటే సరిపోయేది. ఇరవై ఏళ్ళలో ఏ గిరాకీ ముందూ తప్పు ఒప్పుకోలేదు. కానీ ఆ పిల్ల మళ్ళీ ఇంట్లోకి నడుస్తోంది.

"ఆగు బిడ్డా. తొవ్వ మంచిగనే ఉన్నది. తప్పు నాది. ఎందరు ఎక్కుతరో నేను అడగలే. ఖాళీ కారు కొలిచిన. నేను బస్సుకు వస్త."

దిగి సకినాల గంప అందుకున్నాను. మల్లవ్వ కూడా దిగింది. "నేను సుత బస్సుకే. మా అక్క కంటె నేనే బరువు." కారు రెండువేళ్ళు పైకి లేచింది.

గంప చంకన పెట్టుకుని నిటారుగా నిలబడ్డ నన్ను చూసి లలిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకు భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి వెళ్ళి ముందుసీట్లో కూర్చుంది. "నడువు. మెల్లగ పోనీ."

బస్సులో మల్లవ్వ అడిగింది, "మీ తాత పల్లకిల పోయెటోడట గద?"

"పోయెటోడు."

"మా తాత మోసెటోడు." గంపలోంచి ఒక సకినం తీసి ఇచ్చింది. తిన్నాను. నువ్వులు బాగా పడ్డాయి.

మరుసటి వారం కోసిన స్ప్రింగులు తీసేసి కోయనివి వేశాను, చక్రాలు మాత్రం ఉంచాను. ఇంటిల్లిపాదినీ కారులో కూర్చోబెట్టి మరీ కొలిచాను. "జర ఎత్తు ఎక్కువైంది దొరా," అని రాజేశం గొణిగాడు. "ఉండనీ," అంది లోపలినుంచి లలిత.

అప్పటినుంచి కారు దించమని వచ్చేవాళ్ళను మొదట ఇందులో ఎవరెవరు కూర్చుంటారని అడుగుతాను. చాలామంది వెంటనే చెప్పలేరు. చెప్పేదాకా నేను జాకీ ఎత్తను.