ఒకే నేరం, రెండు చిరునామాలు

కోవిడ్ తగ్గి పోర్ట్‌బ్లెయిర్ కోర్టులు మళ్ళీ పూర్తిగా తెరిచిన ఏడాది, వర్షాలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, న్యాయ సహాయ ప్యానెల్ నాకొక దొంగతనం కేసు అప్పగించింది. సొంతంగా వకీలును పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించే న్యాయవాదుల బృందం అది. ఈ కేసులో ముద్దాయిలు ఇద్దరు, ఇద్దరికీ నేనే వకీలును.

మోహన్ ఇక్కడే పుట్టినవాడు. జిల్లా జైలున్న ప్రోతరాపూర్‌లోనే తల్లి నూకాలమ్మతో ఉండేవాడు. సింహాచలం శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకు వచ్చిన కూలీ. పడుకునేది బోటులోనే. ఫీనిక్స్ బే పక్క ఒడ్డున కట్టేసి ఉన్న ఒక డింగీ పడవ ఇంజనును ఇద్దరూ కలిసి విప్పారు, ఇద్దరూ కలిసి మోశారు. మర్నాడే దొరికిపోయారు. ఇంజను యజమానికి చేరింది. ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు.

నేరం రుజువయ్యాక, శిక్ష ఎంతన్నది తేల్చే ముందు ముద్దాయి మాట విడిగా వినాలి. చాలామంది న్యాయవాదులు అప్పుడు ముసలి తల్లినీ పసిపిల్లలనూ ఏకరువు పెట్టి కనికరం కోరతారు. నేను కోరలేదు, ఏనాడూ. మా ముత్తాతకు విజయనగరం వైపు ఊళ్ళుండేవి. మా తాతగారు ఇక్కడ ఓడ దిగేనాటికి వాటిలో మిగిలింది ఇంటిపేరొక్కటే. చేయి చాచే అలవాటు మాత్రం మా ఇంట్లో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. చట్టం ఏమివ్వాలో అదే అడిగేవాణ్ణి.

ఇక్కడ చట్టం ఇవ్వగలిగింది ప్రొబేషన్. అంటే జైలుకు పంపకుండా, మంచి నడవడికకు పూచీ రాయించుకుని, ఒక అధికారి కనిపెట్టి ఉండగా ఇంటికి పంపడం. ఆ అధికారి నివేదిక మోహన్‌కు అనుకూలంగా వచ్చింది. సింహాచలానికి మాత్రం స్థిరమైన నివాసం లేదు, పూచీ పడేవారు లేరు అని రాశారు. ఓడెక్కి వెళ్ళిపోతే మళ్ళీ దొరకడని ప్రభుత్వ న్యాయవాది వాదించారు. ఒకే పని చేసి, ఒకేలా ఒప్పుకున్న ఇద్దరిలో ఇల్లు లేనివాడొక్కడే జైలుకెళ్తే ఆ శిక్ష నేరానికి కాదు, ఇల్లు లేకపోవడానికి అవుతుందని నేనన్నాను. ఆ మాట అంటుంటే, డెలానీపూర్‌లో నేనున్నదీ అద్దె ఇల్లేనని గుర్తొచ్చింది. మెజిస్ట్రేటు శ్రద్ధగా విన్నారు. అయినా పూచీ లేకుండా వదలలేనని, భోజన విరామం తరవాత ఎవరినైనా చూపించమని అన్నారు.

వరండాలోకొచ్చి, సింహాచలం పనిచేసే బోటు యజమానికి ఫోన్ చేశాను. రానన్నాడు. జైలుకెళ్ళొచ్చినవాణ్ణి ఏ బోటూ ఎక్కించుకోదని, వేట మొదలయ్యే వేళకు తన చోటు ఇంకొకడికి పోతుందని సింహాచలానికి తెలుసు.

నూకాలమ్మ అక్కడే ఉంది. "ఈడొచ్చాకే నా కొడుకు పాడయ్యేడు, వకీలు బాబూ! ఎల్లనీ లోపలికి!" అని సింహాచలం వైపు వేలు చూపించి అరిచింది.

కాపలా కానిస్టేబులు నవ్వాడు. "అరే దీదీ, ఇద్దరూ మీ ప్రోతరాపూరే కదా. ఒకడు ఇంటికి, ఒకడు జైలుకి. ఒకే బస్సు!"

సింహాచలం తల ఎత్తాడు. "పిన్నీ, నానెప్పుడైనా ఇంజను విప్పినోణ్ణా? బోల్టులెలా తియ్యాలో సెప్పిందే నీ కొడుకు."

ఈ సంగతి నాకు ముందే తెలుసు. ఇద్దరూ నా కక్షిదారులే కాబట్టి ఒకరిని కాపాడడానికి ఇంకొకరి మీద తప్పు తోయకూడదు. అందుకే కోర్టులో ఆ మాట ఎత్తలేదు.

"నిజఁవేట్రా?" అని ఆమె కొడుకును అడిగింది. మోహన్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె చెప్పు తీసింది, కానిస్టేబులును చూసి మళ్ళీ వేసుకుంది. తరవాత నావైపు తిరిగి, "జమానత్ కాగితం ఏదీ బాబూ? ఈడి పూచీకి ఎక్కడ సంతకం ఎట్టాలి?" అంది.

విరామం తరవాత మెజిస్ట్రేటు హిందీలో ఆమెను, ఇతను నీకేమవుతాడని అడిగారు. "కోయీ నహీ, సాబ్," అంది నూకాలమ్మ. ఏమీ కాడు కానీ ఇద్దరూ ఒకే పని చేశారు, ఇద్దరూ మా ఇంట్లోనే ఉంటారు, పారిపోతే చెవి పట్టుకుని నేనే లాక్కొస్తానని గడగడా హిందీలోనే చెప్పేసింది. పూచీ పడేవారికి స్థిర నివాసం ఉంటే చట్టానికి చాలు. ఇద్దరికీ ఒకే ఉత్తర్వు వచ్చింది. వేట మొదలయ్యేసరికి సింహాచలం బోటులో ఉన్నాడు.

నేరం సమానమని చూపించడంతో వకీలు పని పూర్తి కాదని ఆ కేసు నాకు నేర్పింది. శిక్షను తేలిక చేసే వీలు చట్టంలో అందరికీ ఒకేలా ఉంటుంది. దాన్ని అందుకోవడానికి కావలసిన ఇల్లూ మనిషి తోడూ అందరికీ ఉండవు. వాటిని వెతకడం కూడా వాదనలో భాగమే. ఆ తరవాత విరమించేదాకా, ఏ ముద్దాయినైనా కలిసిన మొదటి రోజే, ఏం చేశావని అడగడానికి ముందు, నీ కోసం సంతకం పెట్టేవారెవరని అడిగేవాణ్ణి.