మా తాత చదివిన చావు ఆట

మా తాత నాగసుబ్బయ్య నా మాంగా పుస్తకాల అట్టలు పీకేశాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాంగా అంటే జపాన్‌వాళ్ళ బొమ్మల కథలు. పుట్టినరోజులకు డ్రస్సులు వద్దని, పుస్తకాలే కావాలని ఏడ్చి మొత్తుకుని పోగేసుకున్న 'ఉప్పు దీవి' సిరీస్ అది. కళ్ళకు ఒక పెట్టెలాంటిది తగిలించుకుని నూరు మంది ఒక ఆటలోకి వెళ్తారు. దీవి కంప్యూటర్ లోపలిది, చావు మాత్రం నిజం. ఆటలో చచ్చినవాడు ఇంట్లో కుర్చీలోనే చస్తాడు. చివరికి మిగిలిన ఒక్కరికే బయటికి దారి. నేను కర్నూలులో ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాస్టల్లో చోటు లేక ఆ పుస్తకాలను నందికొట్కూరులో మా మిద్దె మీద గదిలో పెట్టాను. తాత వాటిని పాత కాగితాలనుకుని అంగడికి మోసుకుపోయాడు.

తాతది కిరాణా అంగడి. ఊరంతా ప్లాస్టిక్ కవర్లకు మళ్ళినా ఆయన మాత్రం జీలకర్ర, మిరియాలు కాగితంలోనే పొట్లం కడతాడు. అదేమంటే "కవర్లో పోస్తే జీలకర్రకు చెమట పడతాది" అంటాడు. గట్టి అట్ట పొట్లానికి మడత పడదు కాబట్టి, ఏ పుస్తకం వచ్చినా ముందు అట్ట పీకేస్తాడు. అలాగే నా మొదటి పుస్తకం అట్ట పీకి కింద పెట్టాడు, దాని మీద రెండోది, దాని మీద మూడోది. పని అయ్యేసరికి ఆఖరి పుస్తకం అన్నిటికంటే పైకి వచ్చి కూర్చుంది. నంబర్లున్న అట్టలు పొయ్యిలోకి పోయాయి. పైగా మాంగాను కుడి నుంచి ఎడమకు చదవాలి. మన పుస్తకం అయిపోయే చోట అది మొదలవుతుంది. తాత దాన్ని తెలుగు పుస్తకం తెరిచినట్టే తెరిచాడు. అందులోని ఇంగ్లీషు మాటలు రావు కాబట్టి బొమ్మలు చూసుకుంటూ పోయాడు. అలా మొత్తం కథను చివరి నుంచి మొదటికి చదివేశాడు.

ఇదంతా తెలియక నేను సెలవులకు వచ్చి, పుస్తకాలు వెతుక్కుంటూ అంగడికి పోయేసరికి అక్కడ పురాణ కాలక్షేపం నడుస్తోంది.

"ఈ పొద్దు ఎవరు లేస్తారు శెట్టీ?" అని అడుగుతోంది ఎదురింట్లో మిషన్ కుట్టే ప్రేమమ్మ, కందిపప్పుకు వచ్చి.

"ఆ జులపాలోడు లేచినాడమ్మా. కొండ కింద సచ్చి పడి ఉండాడా, ఒక్కసారిగా ఎగిరి కొండ మీద నిలబడినాడు. అంతా ఆ పాప మహిమ."

తాత కథ ఇదీ. ఉప్పు దీవి మీద ఒక ఆడపిల్ల ఒంటరిగా ఉంటుంది. ఆ పిల్ల కాలు పెట్టిన చోటల్లా చచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేస్తారు. బాణాలు వాళ్ళ ఒంట్లోంచి ఊడివచ్చి విల్లులోకి పోతాయి. నూరు మందీ లేచాక పెట్టెలు తీసేసి ఎవరింటికి వాళ్ళు పోయి అమ్మ వడ్డించిన అన్నం తింటారు. హమాలీ ఓబుళేశు బస్తా దించి, తువ్వాలు పరుచుకుని కూర్చుని మరీ వింటున్నాడు. కథ మీద మోజుతో తాత ఒక్క కాగితం కూడా పొట్లానికి చించలేదని తెలిశాక నా కోపం సగం దిగింది. మిగతా సగంతో నోరు తెరవబోయాను.

అంతలో తాత ఒక పుస్తకం నా ముందుకు తోశాడు.

"హరితా, ఈ ఇద్దురూ అన్నదమ్ములే కదా? అన్న తమ్ముని వీపులో నుంచి కత్తి పీకుతాండాడు. ఏమంటాండాడో సదివి చెప్పు."

ఎందుకు అడిగాడో నాకు తెలుసు. పక్క అంగడి మా తాత తమ్ముడు కొండయ్యది. మా అమ్మానాన్నల పెళ్ళికి తాత ఊరందరికీ బొట్టు పెట్టి పిలిచి, సొంత తమ్ముడికి పిలుపేమిటని ఊరుకున్నాడు. చిన్నతాత పెళ్ళికి రాలేదు. అప్పటి నుంచి మాటల్లేవు. ఏం కావాలన్నా ఓబుళేశే రాయబారి. "చిల్లర ఉందేమో అడుగప్పా" అని తాత ఇక్కడి నుంచి అరిస్తే, చిన్నతాత గోడవతల అంతా విని కూడా, ఓబుళేశు వచ్చి చెప్పేదాకా చెవిటివాడిలా కూర్చుంటాడు. ఇప్పుడాయన అంగడి ఎత్తేసి బనగానపల్లెలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. శుక్రవారమే ప్రయాణం. ఆ తర్వాత తాతకు అలగడానికి కూడా పక్కన మనిషి ఉండడు.

ఏదో ఒక తియ్యటి అబద్ధం చెప్పి ఉండొచ్చు. కానీ అట్టల్లేని నా పుస్తకాలు చూస్తే మళ్ళీ కడుపు మండింది.

"పీకడంలేదు తాతా, పొడుస్తాండాడు. నువ్వు కథంతా ఎనక నుంచి సదివినావు. ఆటలో ఒక్కరే ఇంటికి పోవల్ల. తమ్ముడు బతికుంటే తాను పోలేనని పొడుస్తాడు. ఎవరూ లేచేది లేదు, అందరూ సచ్చేదే."

ప్రేమమ్మ పప్పు పొట్లం తిరిగి బల్ల మీద పెట్టేసింది. ఓబుళేశు లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "అంత మందీ సచ్చినారా. శానా అన్యాయం" అన్నాడు, నేనే చంపినట్టు నన్ను చూస్తూ.

తాత అన్నిటికంటే పైనున్న పుస్తకం తెరిచి ఆ ఒంటరి పిల్ల బొమ్మ మీద వేలు పెట్టాడు.

"అయితే ఈ పాప గెలిచినట్టా?"

"గెలిచినట్టే."

"గెలిచినాంక ఎవరితో మాట్లాడతాది?"

"ఎవరుండారు మాట్లాడేకి? కథ ఆడికి అయిపోతాది."

"ఇదేం ఆట" అని తాత లేచాడు. ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది. అలమరలోంచి కొత్త కుంకుమ పొట్లం ఒకటి తీసుకుని మెట్లు దిగాడు. బేరాల వేళ గల్లాపెట్టె వదిలి ఆయన మెట్లు దిగడం నేనెన్నడూ చూడలేదు. మేం ముగ్గురం వెనకే పోయాం.

చిన్నతాత ఖాళీ డబ్బాలు సర్దుకుంటున్నాడు. తాత పొట్లం విప్పి, ఇంత కుంకుమ తీసి, తమ్ముడి నుదుటన పెట్టాడు. సగం ముక్కు మీద రాలింది.

"మా ప్రదీప్‌కుమార్ పెండ్లి. మీరంతా రావల్ల" అన్నాడు.

ప్రదీప్‌కుమార్ మా నాన్న. నడినెత్తిన జుట్టు రాలిపోయి రెండేళ్ళయింది.

చిన్నతాత ముక్కు తుడుచుకోకుండా అన్నను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత అలవాటు చొప్పున ఓబుళేశు వైపు తిరిగాడు.

"వాళ్ళ బిడ్డే ఇంజనీరింగ్ సదువుతాండాదని చెప్పప్పా మీ శెట్టికి" అన్నాడు.

ఓబుళేశు మొహం తిప్పుకున్నాడు. వీధిలో ఏదో ఆటో పోతుంటే దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"ఆలస్యమైంది కొండయ్యా" అన్నాడు తాత. "అయినా రావల్ల."

చిన్నతాత కళ్ళు నిండాయి. చేతిలో డబ్బాకు మూత పెట్టబోయాడు, అది సరిగ్గా పడలేదు.

"భోజనాలు ఎన్ని గంటలకు, అన్నా?" అని అడిగాడు.