ఎమ్మెల్యేని గెలిపించే వేలు

శీనమ్మవ్వ ఓటుని మా ఊరినుంచి పీకి ఆత్మకూరులో నాటింది నేనే. ముందే ఒప్పుకుంటా ఉండా. రేపు ఎవురన్నా మల్లికార్జునం పేరో, ఎమ్మెల్యే పేరో చెప్తే నమ్మబాకండి. వాళ్ళు అడిగినారంతే. కంప్యూటర్ ముందు కూర్చోని, ఫారం తెరిచి, ఇల్లు మారింది అనే గడిలో టిక్కు కొట్టింది నేను. కొట్టేటప్పుడు నవ్వినాను కూడా.

నాకు ఉదయగిరి బస్టాండు దగ్గర చిన్న నెట్ సెంటరు ఉండాది. ఎవురూ నేర్పించలా. వీడియోలు చూసి, రెండు కంప్యూటర్లు చెడగొట్టి నేర్చుకున్నా. కుదురుగా ఉండే రకం కాదు. మా హెడ్మాస్టరు ఫోన్ బాగుచేసియ్యరా అని ఇస్తే రింగ్‌టోను కింద మేకపిల్ల అరుపు పెట్టి ఇచ్చినోణ్ణి. అట్టాంటోడి చేతికి ఒక మనిషి ఓటు దొరికితే ఊరుకుంటాడా?

శీనమ్మవ్వ నాకు సొంత అవ్వ కాదు. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటాది. మా ఊరికి పోవాలంటే సీతారామపురంలో బస్సు దిగి ఇంకా కొండ వైపు పోవాల. చెరువు కింద అవ్వకి ఎకరన్నర మాగాణి ఉండాది. మొగుడు పోయి చాన్నాళ్ళయింది, కూతురు కలిగిరిలో కాపురం. అవ్వ తిట్టినా, మురిసినా, అలిగినా ఆ ఎకరన్నర మీదే.

ఇంక వేలి సంగతి చెప్తా.

పాతికేళ్ళ కిందట మా చెరువు తూముకి ఉన్న తలుపు తుప్పుపట్టి విరిగిపోయింది. తలుపు లేని తూముంటే చెరువు నిండినా ఒకటే, నిండకపోయినా ఒకటే. ఉన్న నీళ్ళన్నీ కారిపోతాయి. అవ్వ అర్జీ ఎత్తుకొని ఉదయగిరి తాసిల్దారు ఆఫీసుకి వచ్చింది. ఆ పొద్దు నామినేషన్లకి ఆఖరు రోజని ఆమెకేం తెలుసు? ఆఫీసు వాకిట్లో పెంచలప్రసాద్ చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయి అటూ ఇటూ తిరగతా ఉండాడు. అప్పటికి ఆయన ఎమ్మెల్యే కాదు, ఏమీ కాదు. పార్టీ టికెట్టు ఇవ్వలేదని అలిగి ఇండిపెండెంటుగా దిగినోడు. ఇండిపెండెంటు నిలబడాలంటే ఆ నియోజకవర్గం ఓటర్లు పదిమంది, ఈయన పేరు మేం ప్రతిపాదిస్తా ఉండామని సంతకాలు పెట్టాల. తొమ్మిదిమంది వచ్చినారు. పదోవాణ్ణి అవతలోళ్ళు పొద్దున్నే దోసెలు తినిపించి మాయం చేసినారు. మూడింటికి తలుపులేస్తారు. అప్పటికే రెండున్నర.

"అక్కా, నీకు ఓటుందా?" అన్నాడంట అవ్వని చూసి.

"ఓటుండాది. తూమే లేదు," అనిందంట.

"నేను గెలిస్తే మొదటి పని నీ తూమే. ఒక్క వేలెయ్యక్కా, నీకు పుణ్యముంటాది."

లోపలికి తీసుకుపోయినారు. ఎన్నికల ఆఫీసరు అడిగినాడంట, "ఎవరి బలవంతం లేకుండా వేస్తున్నావా అమ్మా?" అని. "తూము కోసం వేస్తా ఉండా సారూ," అని ఎడమచేతి బొటనవేలు ఒత్తి, మిగిలిన సిరాని ఆఫీసు గోడకే తుడిచి వచ్చేసింది.

నూటపద్నాలుగు ఓట్లతో గెలిచినాడు.

రాజకీయం చేసేవాళ్ళకి దేవుడికంటే శకునం అంటే భయం ఎక్కువ. గెలిపించింది జనమా, అవతలోడి మీద కోపమా అని ఎవురూ చూడలా. పదో వేలు గెలిపించింది అన్నారు. ఆయనకి మాత్రం మొదట్లో అంత నమ్మకం కుదరలా. రెండోసారి పార్టీ టికెట్టు వచ్చింది. పార్టీవాళ్ళకి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. బామ్మర్ది నేనంటే నేనని ఎగబడి సంతకం పెట్టినాడు. చిత్తుగా ఓడిపోయినారు. ఆ బామ్మర్ది ఈరోజుకీ అక్క ఇంట్లో రెండోసారి కూర అడగాలంటే భయపడతాడంట.

ఇంక అంతే. మూడోసారి జెండా రంగు మారింది, వేలు మాత్రం అవ్వదే. గెలిచినాడు. నాలుగోసారి ఇంకో జెండా, అదే వేలు. ఓడిపోయినాడు. అప్పుడేమన్నారో తెలుసా? ఆ పొద్దు కారులో అవ్వ వాంతి చేసుకుందంట, అందుకని వేలు నీరసంగా పడిందంట! ఐదోసారి టికెట్టే రాలా. వేలుంది, వేసేదానికి కాగితం లేదు.

మొదటిసారి అక్కా అని పిలిచినోడు, మధ్యలో పెద్దమ్మా అన్నాడు, ఇప్పుడు అవ్వా అంటాడు. ఆయన రాజకీయం వయసు తెలుసుకోవాలంటే ఆ పిలుపులు వింటే చాలు.

మరి తూము? మొదట గెలిచినప్పుడు కట్ట మీద శిలాఫలకం వేసినారు. మంచి నున్నటి రాయి, ఆడోళ్ళు దాని మీద బట్టలుతుకుతారు. రెండోసారి గెలిచినప్పుడు నిజంగానే ఇనప తలుపు లారీలో వచ్చింది. దాన్ని ఎత్తి దించే రాడ్డు రాలా. రాడ్డు ఇంకో టెండరంట. ఆ టెండరు తేలేలోపల ఈయన ఓడిపోయినాడు. తలుపు కట్ట మీదే పడి ఉంటే చిన్నప్పుడు మేము దాని మీద జారుడుబండ ఆడేవాళ్ళం. నిక్కర్లు చిరిగేవి.

అయినా అవ్వ వదల్లా. ప్రతిసారీ వేలేసే ముందు ఒకటే మాట అడగతాది.

"తూము?"

"నీదే," అంటాడు ఆయన.

ఆ మాట వింటే గానీ వేలు కదలదు. "ఎందుకవ్వా వాణ్ణి నమ్మతావు?" అని ఒకసారి అడిగినా. "నమ్మేదెవురు రా? ఇంకోడు ఎవుడన్నా నన్ను అడగతా ఉండాడా? అడిగినోడికి వేస్తా ఉండా," అనింది.

పోయిన ఎన్నికల్లో పార్టీ ఆయన్ని ఉదయగిరి వద్దని ఆత్మకూరుకి పంపించింది. టికెట్టు వచ్చిందని టపాసులు కాల్చినారు. టపాసులు అయిపోయినాక మల్లికార్జునం గుండె పట్టుకున్నాడు. ఈయన ఆత్మకూరులో ఎరువుల అంగడి షావుకారు, పెంచలప్రసాద్‌కి కుడిభుజం, పంచాంగం చూడకుండా అంగడి తాళం కూడా తియ్యడు. ప్రతిపాదించే మనిషి ఆ నియోజకవర్గం ఓటరే అయి ఉండాలని రూలు. అవ్వ ఓటేమో మా ఊళ్ళో ఉండాది. మా ఊరేమో ఉదయగిరి కింద ఉండాది.

ఒక మధ్యాన్నం నా సెంటరుకి వచ్చినాడు.

"పవనూ, ఒక ఓటు జరపాల రా."

"ఎవురిది సామీ?"

"శీనమ్మది. ఆత్మకూరుకి."

"మనిషిని జరపకుండా ఓటుని జరిపితే ఎట్ట?"

"మనిషి మీ ఊళ్ళోనే ఉంటాది లేరా. మా గోడౌను పక్కన రూములో కాపురం ఉంటా ఉండాదని రాయి."

నాకు ఒళ్ళంతా చక్కిలిగింతలు పుట్టినాయి. ఒక ఎమ్మెల్యే జాతకం మా వీధిలో అవ్వ బొటనవేలి మీద నడస్తా ఉందంటే నాకు గొప్పే గదా. తప్పని తెలుసు. తెలిసే చేసినా. అవ్వకి ఫోన్ కొట్టి, ఇప్పుడు మెసేజిలో వచ్చిన ఓటీపీ నంబరు పక్కింటి నిరోష చేత చదివించి చెప్పమన్నా.

"ఏం నంబరు రా ఇది?"

"నీ తూముకే అవ్వా."

మిగతావన్నీ నవ్వుకుంటా చెప్తాను గాని, ఆ ఒక్క ముక్క మాత్రం నవ్వతా చెప్పలేను.

విచారణకి మనిషి వస్తాడని అవ్వని ఒక పొద్దంతా ఆ రూములో కుర్చీ వేసి కూర్చోబెట్టినారు. ఆయనొచ్చి, "ఇక్కడే ఉంటావా అమ్మా?" అన్నాడు. అవ్వ చుట్టూ ఉన్న యూరియా బస్తాల వైపు చూసి, "కూర్చోబెట్టినారు, ఉండా," అనింది. అందులో అబద్ధమేముంది? ఆయన రాసుకొని పోయినాడు.

నామినేషన్ రోజు ఆత్మకూరు ఆర్డీవో ఆఫీసు బయట ఒకటే డప్పులు. లోపల అవ్వ, "తూము?" అనింది. "నేను యాడ నిలబడినా తూము నీదే అవ్వా," అన్నాడు. వేలు పడింది. గెలిచినాడు. పోలింగు రోజు కారు పంపిస్తే పోయి ఓటేసి వచ్చింది. ఊళ్ళో ఆడోళ్ళు ఆమె వేలి మీద సిరాచుక్క చూసి, "మన బూత్‌లో కనపళ్ళేదే, యాడ పూయించుకున్నావు మే?" అని ఒకటే నవ్వు. అవ్వ కూడా నవ్వింది. నేనైతే పొట్ట పట్టుకొని నవ్వినా.

ఈ కార్తీకంలో తుపాను పట్టింది. ఎన్నేళ్ళకో మా చెరువు నిండి అలుగు పారింది. అవ్వ అప్పటికే నారు పోసి ఉండాది, అది నాట్లకి తయారుగా లేచింది. చెరువులో నీళ్ళు రెండు నెలలు నిలిస్తే పంట చేతికొస్తాది. తలుపు లేని తూములోంచి నీళ్ళు ఏనుగు తొండమంత లావున పోతా ఉండాయి. ఇసక మూటలేస్తే ఒక పూట నిలిచి, మూటలతో సహా కొట్టుకొని పోతాయి.

"పది రోజులు రా. ఆ పైన బురదే," అనింది అవ్వ.

బండెక్కించుకొని ఉదయగిరి తీసుకుపోయినా. ఈడ గెలిచింది అవతల పార్టీ ఆయన. ఆయన ఆఫీసులో జోయల్ అని ఒకతను అర్జీలు తీసుకుంటాడు. మంచోడే. అవ్వకి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చినాడు.

"ఓటు నంబరు వెయ్యాల అవ్వా అర్జీలో. ఉండు, నేనే చూస్తా." ఫోన్లో మా ఊరి లిస్టు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జరిపినాడు. "నీ పేరు లేదే!"

"సరిగ్గా చూడు నాయనా. కాపురానికి వచ్చినకాడ్నుంచి ఆడే ఉండా."

అతను ఇంకేదో కొట్టి చూసినాడు. "ఆత్మకూరులో చూపిస్తా ఉండాది," అని తలెత్తి, "అబ్బా! పెంచలప్రసాద్‌కి వేలేసే అవ్వవి నువ్వేనా?" అన్నాడు.

ఆఫీసులో ఉన్నోళ్ళంతా తిరిగి చూసినారు. ఒకడు సెల్ఫీ కూడా అడిగినాడు. జోయల్ అర్జీని చేతిలో తిప్పి తిప్పి, "తీసుకోమంటే తీసుకుంటా అవ్వా. మా సారు ఒకటే అడగతాడు, ఆత్మకూరు ఓటరుకి మన ఊరి తూముతో ఏం పని అని. మీ ఎమ్మెల్యే దగ్గరికే పోరాదా? ఆయన పైన చెప్తే జరగొచ్చు," అన్నాడు.

నేను అర్జీ వెనక్కి తీసుకొని మడిచి జేబులో పెట్టుకున్నా.

మర్నాడు ఆత్మకూరు పోయినాం. పెంచలప్రసాద్ లేచి ఎదురొచ్చినాడు. శాలువా కప్పినాడు. "నన్ను ఎమ్మెల్యేని చేసిన తల్లి," అని గదిలో ఉన్నోళ్ళందరికీ చూపించినాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. నటన కాదు, నటిస్తే నేను కనిపెడతా.

"తూము?" అనింది అవ్వ.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అది ఉదయగిరి గదా అవ్వా. ఇంకోడి నియోజకవర్గంలో నేను వేలు పెట్టకూడదు."

"నా చేత మాత్రం పెట్టించినావే!"

ఆయన చిన్నగా, "నా నిధులు ఆడ ఖర్చు పెట్టేదానికి లేదు. నేను అడిగినానని తెలిస్తే ఆయన పంతానికి ఆపేస్తాడు. అడక్కపోతే ఎట్టాగూ జరగదు. ఏం చేసేది అవ్వా? నువ్వే చెప్పు," అన్నాడు. నిజంగానే అడిగినాడు. పాతికేళ్ళలో మొదటిసారి 'నీదే' అనే మాట రాలా ఆయన నోట్లోంచి. అవ్వ ఇంకొంచేపు ఆ మాట కోసం చూసి, లేచింది.

గుమ్మం కాడ మల్లికార్జునం, "ఆరోగ్యం జాగర్త అవ్వా. మళ్ళీ ఎలచ్చన్లకి నువ్వుండాల," అన్నాడు.

ఊరు దగ్గర పడతానే అవ్వ బండిని ఇంటికి తిప్పనియ్యలా. నేరుగా కట్ట మీదికే పొమ్మంది. తూము రాళ్ళ మీద నిన్నటి నీటి గుర్తు జానెడు పైన కనపడతా ఉండాది. కింద మడిలో నారు పచ్చగా, ఏమీ తెలియనట్టు ఊగతా ఉండాది. అవ్వ కొత్త శాలువాని నడుముకి బిగించి కట్టుకొని పార అందుకుంది.

"అవ్వా," అన్నా. "తప్పు నాది. ఆ పొద్దు తూముకని అబద్ధం చెప్పి నీ ఓటు మార్చేసినా. ఇప్పుడే సెంటరుకి పోతా. ఇంకో ఫారం నింపితే నీ ఓటు మళ్ళీ మన ఊరికి వచ్చేస్తాది. అప్పుడు జోయల్ కాదనలేడు."

"ఎన్నాళ్ళు పడతాది?"

"నెల. నెలన్నర."

అవ్వ తూములోంచి పోయే నీళ్ళని పారతో చూపించింది. ఖాళీ గోతాం ఒకటి విదిలించి నా కాళ్ళ ముందు పడేసింది.

"ఫారాలు నింపింది చాల్లే రా ఎదవా. దీంట్లో మన్ను నింపు."